ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు ఏ చెత్త ఎక్కడికి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏళ్ల తరబడి కాపురమున్న ఇంటిని ఖాళీ చేస్తుంటే అటక మీది పెయింటు డబ్బాలు, గడువు దాటిన మందులు, పాడైన టీవీ, ఉబ్బిన ఫోను, చీకిన పరుపు అన్నీ ఒకేసారి చేతికొస్తాయి. రోజూ గేటు బయట పెట్టే చెత్తబుట్ట పద్ధతి వీటికి సరిపోదు. నిబంధనలు ఊరూరికీ మారతాయి గానీ, వాటి వెనకున్న కారణాలు ఎక్కడైనా ఒకటే: రసాయనం, మంట, బరువు. అందుకే ఇక్కడ ప్రతి జవాబులోనూ ఏం చేయాలో చెప్పి, ఎందుకో కూడా చెప్పాం. అన్నిటికీ మూలం ఒక్క మాట. కలిసిపోయిన చెత్తను మళ్లీ విడదీయలేం. వేరు చేసే పని మీ ఇంట్లోనే జరగాలి, బండి ఎక్కాక జరగదు.

పని ఎక్కడ మొదలుపెట్టాలి?

పెద్ద సామానుతో కాదు, ప్రమాదకరమైన చిన్న వస్తువులతో. సోఫా, మంచం కళ్లకు కనబడుతూ ఉంటాయి కాబట్టి అందరూ వాటితోనే మొదలుపెడతారు. చివరి రోజు సాయంత్రానికి సింకు కింది సీసాలు, మందుల పెట్టె, పాత బ్యాటరీలు మిగులుతాయి. అప్పటికి అందరూ అలసిపోయి ఉంటారు, అన్నీ ఒకే సంచిలో పడిపోతాయి. ప్రమాదాలు ఎక్కువగా పుట్టేది ఆ సంచిలోనే.

కనీసం మూడు వారాల ముందు ఒక ఖాళీ గదిలోనో వరండాలోనో చోటు చూసుకోండి. పిల్లలు, పెంపుడు జంతువులు అటు రాకూడదు. ఎండ తగలకూడదు, గాలి ఆడాలి. రబ్బరు తొడుగులు వేసుకుని సింకు కింద, బాత్‌రూం అలమర, అటక, మెట్ల కింది అర, వాహనం నిలిపే చోటు ఈ వరసలో వెతకండి. దొరికినవాటిని అంచులున్న ప్లాస్టిక్ ట్రేలలో నిలబెట్టి ఉంచండి. ఒక ట్రేలో యాసిడ్లు, ఇంకోదాంట్లో బ్లీచింగ్ సరుకు, మూడోదాంట్లో కిరోసిన్, థిన్నర్ లాంటి మండేవి, నాలుగోదాంట్లో పురుగుమందులు. ట్రేకీ ట్రేకీ మధ్య కనీసం ఒక అడుగు ఎడం ఉంచండి.

మున్సిపాలిటీని ముందే ఏమేం అడగాలి?

ప్రమాదకర చెత్తను ఏ రోజు, ఎక్కడ తీసుకుంటారు? ఒక్కసారికి ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోల దాకా? పెద్ద సామాను ఇంటికొచ్చి తీసుకెళతారా, ఎన్ని రోజుల ముందు చెప్పాలి? ఇటుకలు, టైల్సు, సున్నం పెళ్లల్లాంటి కట్టడపు చెత్త అదే కేంద్రంలో తీసుకుంటారా? చిరునామా రుజువు చూపాలా? అద్దె వ్యాన్‌ను లోపలికి రానిస్తారా?

చివరి ప్రశ్న చిన్నదిగా కనబడుతుంది గానీ చాలామంది దెబ్బతినేది అక్కడే. ఇళ్ల చెత్త కోసం పెట్టిన కేంద్రాల్లో సరుకు రవాణా వాహనం కనబడితే వ్యాపార చెత్తగా లెక్కగట్టి వెనక్కి పంపే చోట్లు ఉన్నాయి. అనుమతి పత్రం ముందే తీసుకోవాల్సిన చోట్లు కూడా ఉన్నాయి. నిండు బండితో తిరిగొస్తే ఆ రోజు పోయినట్టే.

ఏది ప్రమాదకరమో ఎలా గుర్తుపట్టాలి?

డబ్బా మీద ఎర్ర అంచున్న వజ్రాకారపు గుర్తు కోసం చూడండి. ఐక్యరాజ్యసమితి రూపొందించిన ఈ గుర్తులు చాలా దేశాల్లో ఒకే తీరుగా ఉంటాయి. మంట బొమ్మ ఉంటే అది మండేది. పుర్రె ఉంటే విషం. చేతి మీద చుక్కలు పడి కరుగుతున్నట్టుంటే తినేసే యాసిడ్ లేదా క్షారం. సిలిండర్ బొమ్మ ఉంటే ఒత్తిడిలో ఉన్న వాయువు. ఎండిన చెట్టు, చచ్చిన చేప ఉంటే నీటి జీవులకు హాని చేసేది. వలయానికి పైన మంట ఉంటే అది తాను మండకపోయినా పక్కనున్నవాటిని మండించేది. బ్లీచింగ్ పౌడర్ ఈ చివరి రకం, దాన్ని నూనెలకూ కిరోసిన్‌కూ దూరంగా ఉంచాలి.

పాత సీసాల మీద ఏ గుర్తూ ఉండకపోవచ్చు, చీటీ కూడా ఊడిపోయి ఉండవచ్చు. మూత తీసి వాసన చూడకండి. సీసా మీద కాగితం అంటించి "ఏమిటో తెలియదు" అని, దొరికిన చోటు కూడా రాయండి. "తోట గదిలో దొరికింది" అన్న చిన్న మాటతో కేంద్రంలోని మనిషికి అది పురుగుమందు కావచ్చని తడుతుంది.

తలా కొంచెం మిగిలిన సీసాలను ఒకే దాంట్లో పోసి ఇవ్వవచ్చా?

వద్దు, ఎంత కొంచెమైనా సరే. బ్లీచింగ్ ద్రావణంలో టాయిలెట్ కడిగే యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అదే బ్లీచింగ్‌లో అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనరు కలిస్తే క్లోరమైన్లు వస్తాయి. రెండూ ఊపిరితిత్తులను కాల్చేవే. తలుపు మూసిన బాత్‌రూంలో కొద్దిపాటి సరుకు కూడా మనిషిని ఆసుపత్రి పాలు చేయగలదు. పొరపాటున కలిసి ఘాటు మొదలైతే సీసాను ఎత్తి పారబోయాలని చూడకండి. వెంటనే బయటికి వచ్చేయండి, వీలైతే వస్తూ కిటికీ తెరవండి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

వస్తువు ఏ సీసాలో వచ్చిందో ఆ సీసాలోనే ఇవ్వాలి. సీసా కారుతుంటే దాన్ని అలాగే పెద్ద ప్లాస్టిక్ బకెట్లో పెట్టి చుట్టూ పొడి ఇసుక పోయండి. తాగునీటి సీసాల్లోకి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మార్చవద్దు. అలా మార్చిన సీసాను నీళ్లనుకుని తాగే ప్రమాదం పిల్లలకే కాదు, పెద్దలకూ ఉంటుంది.

మిగిలిన పెయింటు ఏం చేయాలి?

ముందు అది ఏ రకమో చూడండి. బ్రష్షు నీళ్లతో కడగమని డబ్బా మీద ఉంటే నీటి పెయింటు. థిన్నర్‌తో కడగమని ఉంటే నూనె పెయింటు.

నీటి పెయింటును గట్టిపరచి మామూలు చెత్తలో వేయడానికి చాలా చోట్ల ఒప్పుకుంటారు. డబ్బా అడుగున ఒక అంగుళం లోపే మిగిలితే మూత తీసి గాలి తగిలేచోట కొన్ని రోజులు వదిలేస్తే చాలు. అంతకన్నా ఎక్కువుంటే రంపపు పొట్టో పొడి ఇసుకో దాదాపు పెయింటుకు సమానంగా పోసి కర్రతో కలపండి. కలిపాక డబ్బా వంచితే జారకూడదు, జారితే ఇంకా పొట్టు పోయాలి. మూత పెట్టకుండానే బయట పెట్టండి, గట్టిపడిందని చెత్త తీసేవారికి కనబడాలి. పైన గట్టి పొర కట్టి లోపల జావలా మిగిలిపోవడం తరచూ జరిగేదే. ఆ డబ్బా లారీలో నలిగితే రోడ్డంతా పెయింటే.

నూనె పెయింటు, వార్నిష్, థిన్నర్‌లను ఎండబెట్టవద్దు, వాటి ఆవిరి మండుతుంది. మూత బిగించి ప్రమాదకర చెత్త కేంద్రానికి ఇవ్వాలి. వీటి పక్కనే ఇంకో ప్రమాదం ఉంటుంది. అవిసె నూనె గానీ చెక్క పాలిష్ గానీ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి సంచిలో పడేస్తే, నూనె గాలితో కలుస్తూ వేడెక్కి, ఎవరూ నిప్పు పెట్టకుండానే రాజుకుంటాయి. వాటిని విడివిడిగా పరచి ఆరుబయట ఎండనివ్వండి, లేదా నీళ్లు నింపిన లోహపు డబ్బాలో ముంచి మూత పెట్టండి.

బ్యాటరీల గురించి ఇంత జాగ్రత్త ఎందుకు?

చెత్త లారీ చెత్తను నొక్కి కుదిస్తుంది. లిథియం బ్యాటరీ ఆ నొక్కుడుకు చితికితే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి షార్టవుతుంది, వేడి పుట్టి, ఆ వేడే మరింత వేడిని పుట్టిస్తుంది. చుట్టూ కాగితం, ప్లాస్టిక్ ఉంటాయి, ఇక లారీయే తగలబడుతుంది. ఆరినట్టు కనబడ్డ బ్యాటరీ గంటల తర్వాత మళ్లీ అంటుకోవచ్చు.

బ్యాటరీ ఉందని తట్టని వస్తువులే ఎక్కువ ఇబ్బంది పెడతాయి: కరెంటు టూత్‌బ్రష్, పాట పాడే గ్రీటింగ్ కార్డు, వెలిగే పిల్లల బూట్లు, ఈ-సిగరెట్, చేతి వాక్యూమ్ క్లీనర్, బ్లూటూత్ ఇయర్‌ఫోన్ డబ్బా. ఛార్జింగ్ పెట్టే వీలున్న ప్రతి వస్తువులోనూ బ్యాటరీ ఉన్నట్టే లెక్క. సులువుగా ఊడితే తీయండి. ఊడకపోతే స్క్రూడ్రైవర్‌తో పెకలించవద్దు, వస్తువును మొత్తంగా ఎలక్ట్రానిక్ చెత్తలో ఇవ్వండి.

తీసిన బ్యాటరీల కొసలకు టేపు అంటించండి. 9 వోల్టుల చదరపు బ్యాటరీకి ఇది తప్పనిసరి. దాని రెండు కొసలూ పక్కపక్కనే ఉంటాయి, సొరుగులోని నాణెమో గిన్నెలు తోమే ఇనుప పీచో తగిలితే నిప్పు పుడుతుంది. బొత్తాం బ్యాటరీలకు రెండు వైపులా టేపు చుట్టి, వెంటనే పిల్లలకు అందని చోట పెట్టండి. లిథియం బొత్తాం బ్యాటరీ మింగితే గొంతు దిగువన ఇరుక్కుని 2 గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. మింగారన్న అనుమానం వచ్చినా వాంతి చేయించవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఉబ్బిన ఫోను బ్యాటరీని ఛార్జింగ్ పెట్టవద్దు, నొక్కవద్దు, గుచ్చవద్దు. లోహపు డబ్బాలో పొడి ఇసుక పోసి అందులో ఉంచి, మండే వస్తువులకు దూరంగా బయట పెట్టి, కేంద్రానికి ముందే ఫోన్ చేసి తీసుకెళ్లండి.

ఇన్వర్టర్, వాహనాల సీసపు బ్యాటరీలు వేరే జాతి. లోపల గంధకామ్లం ఉంటుంది. నిలబెట్టే మోయాలి, యాసిడ్ ఒంపకూడదు. సీసం మళ్లీ వాడకానికి వస్తుంది కాబట్టి బ్యాటరీలు అమ్మేవాళ్లే తిరిగి తీసుకుంటారు.

పాత థర్మామీటరు, బీపీ చూసే యంత్రం, ట్యూబ్‌లైట్లు?

మూడింటిలోనూ పాదరసం ఉంటుంది, మోతాదుల్లో మాత్రం చాలా తేడా. గాజు థర్మామీటరులో సుమారు 1 గ్రాము. గోడకు తగిలించే పాతకాలపు బీపీ యంత్రంలో 80 నుంచి 100 గ్రాములు. సీఎఫ్‌ఎల్ బల్బులో కొన్ని మిల్లీగ్రాములే. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి 2013లో దేశాల మధ్య కుదిరిన మినమాటా ఒప్పందం ప్రకారం ఇలాంటి థర్మామీటర్లు, బీపీ యంత్రాల తయారీ, ఎగుమతి, దిగుమతులకు 2020ని గడువుగా పెట్టారు. ఇళ్లలో అప్పటికే ఉన్నవి మాత్రం అలాగే ఉండిపోయాయి.

పగలనివాటిని గుడ్డలో చుట్టి, గట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ప్రమాదకర చెత్తగా ఇవ్వండి. ట్యూబ్‌లైట్లను కట్టగట్టి అట్టపెట్టెలో పెట్టండి. చోటు తగ్గించడానికి విరగ్గొట్టవద్దు.

థర్మామీటరు పగిలితే ముందు పిల్లలను గదిలోంచి పంపేసి కిటికీలు తెరవండి, ఇంటి లోపలి తలుపు మూయండి. బంగారు ఉంగరం తీసేయండి, పాదరసం బంగారాన్ని పట్టేస్తుంది. చీపురు, వాక్యూమ్ క్లీనర్ రెండూ వద్దు. చీపురు బొట్లను ఇంకా చిన్నవిగా చెదరగొడుతుంది, వాక్యూమ్ ఆవిరిని గదంతా చిమ్ముతుంది. టార్చిని నేలకు ఆనించి వేస్తే బొట్లు మెరుస్తాయి. గట్టి కార్డుముక్కతో ఒకచోటికి తోసి, మందు చుక్కలు వేసే గొట్టంతో పీల్చి, మూత బిగిసే సీసాలో వేయండి. మిగిలిన సన్నటివాటిని టేపుకు అంటించి తీయండి. తొడుగులు, కార్డు, టేపు అన్నీ అదే చెత్తలోకి. గదికి రోజంతా గాలి తగలనివ్వండి. బీపీ యంత్రం పగిలితే ఇదంతా మీరు చేసే పని కాదు. గది మూసేసి అగ్నిమాపక సిబ్బందిని పిలవండి.

మందులను నీళ్లలో పారబోస్తే పోదా?

పోదు. మురుగునీటి శుద్ధి కేంద్రాలు మందులను పూర్తిగా తీయలేవు, అవి వాగుల్లోకి, చెరువుల్లోకి చేరతాయి. యాంటీబయాటిక్స్ అలా చేరితే మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరిగే అవకాశం ఉంది. మందుల దుకాణంలోనో ఆసుపత్రిలోనో తిరిగి తీసుకునే పెట్టె ఉంటే అదే మంచి దారి. స్ట్రిప్పుల మీది అట్టపెట్టెలు తీసేస్తే బరువూ చోటూ తగ్గుతాయి, మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క మాత్రం ఉంచండి.

అలాంటి పెట్టె లేని చోట మాత్రలను స్ట్రిప్పుల్లోంచి తీసి, తడి మట్టిలోనో వాడేసిన టీ పొడిలోనో కలిపి, మూసిన సంచిలో వేసి చెత్తలో పెట్టండి. చెత్తలో వెతుక్కునేవారికీ, జంతువులకూ అది తినాలనిపించకుండా చేయడమే ఉద్దేశం. చర్మానికి అంటించే నొప్పి మందు పట్టీలను వాడేశాక కూడా జిగురు వైపు లోపలికి మడవాలి, వాటిలో పిల్లలకు ప్రాణాంతకమయ్యేంత మందు మిగిలి ఉండవచ్చు.

సూదులు, రక్తపు చుక్క కోసం వేలికి గుచ్చే లాన్సెట్లు, షేవింగ్ బ్లేడ్లను దళసరి ప్లాస్టిక్ సీసాలో వేయండి. బట్టలుతికే ద్రవం వచ్చే సీసా బాగుంటుంది. పలచటి నీళ్ల సీసా పనికిరాదు, సూది గుచ్చుకుని బయటికొస్తుంది. మూడొంతులు నిండగానే మూతకు టేపు చుట్టి "సూదులు" అని రాయండి. వాడిన సూదికి మళ్లీ టోపీ పెట్టబోయి గుచ్చుకునేవాళ్లు చాలామంది, ఆ పని చేయవద్దు. చెత్తను చేత్తో ఎత్తే మనిషి అరచేతిని ఒకసారి తలుచుకుంటే ఈ సీసా ఎంత ముఖ్యమో తెలుస్తుంది.

పాత ఫ్రిజ్, ఏసీ తుక్కువాళ్లకు ఇచ్చేయవచ్చా?

వాయువును పద్ధతిగా తీసే ఏర్పాటు ఉన్నవాళ్లకైతేనే. రాగి గొట్టం కోసం ఫ్రిజ్ వెనక కత్తిరిస్తే వాయువంతా గాలిలో కలుస్తుంది. 1990ల నడిమి దాకా వచ్చిన ఫ్రిజ్‌లలో ఓజోన్ పొరను తినేసే సీఎఫ్‌సీలు వాడారు, వాటిని కట్టడి చేయడానికే 1987 మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. తర్వాత వచ్చిన ఆర్-134ఏ ఓజోన్‌కు హాని చేయదు గానీ, కిలోకు కిలో లెక్కన వందేళ్లలో కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండే ఆర్-600ఏ ఐసోబ్యూటేన్, అంటే మండే వాయువు. గొట్టం కోసేటప్పుడు నిప్పురవ్వ లేస్తే అంటుకుంటుంది. వాయువు గొట్టాల్లోనే ఉంటుందని అనుకోవద్దు. పాత ఫ్రిజ్‌ల గోడల నురుగులో అంతకన్నా ఎక్కువ దాగి ఉంటుంది, అందుకే వాటిని మూసిన యంత్రాల్లో విప్పుతారు.

తీసుకెళ్లడానికి 24 గంటల ముందు ప్లగ్ తీసి, మంచు కరిగించి, లోపల తుడవండి. నిలువుగానే మోయండి. బయట పెట్టాల్సి వస్తే తలుపు ఊడదీయండి, వీలుకాకపోతే తాడుతో తిప్పి కట్టండి. ఆటలో పిల్లలు లోపల దూరి తలుపు పడితే ఊపిరాడదు. స్ప్లిట్ ఏసీని విప్పే ముందు మెకానిక్ చేత వాయువును బయటి యూనిట్‌లోకి పంప్‌డౌన్ చేయించండి. గొట్టాలు కోసేశాక ఆ పని చేయడానికి ఏమీ మిగలదు.

టీవీ, కంప్యూటర్, ఫోన్లు?

వెనక బుర్ర ఉన్న పాత టీవీలో పిక్చర్ ట్యూబు గాజులో కిలోకు పైగా సీసం ఉండవచ్చు. ట్యూబు లోపల గాలి లేదు, పగిలితే గాజు ఎగిరిపడుతుంది. పాత టీవీ ట్యూబు, మైక్రోవేవ్ కెపాసిటర్ ప్లగ్ తీశాక కూడా షాక్ కొట్టగలవు. వీటి మూత విప్పవద్దు.

ఫోన్ ఇచ్చే ముందు వరస ముఖ్యం: కావలసినవి కాపీ చేసుకోండి, గూగుల్ లేదా యాపిల్ ఖాతా నుంచి బయటికి రండి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్. ఖాతా ఉండగానే రీసెట్ చేస్తే ఫోను తాళం పడిపోయి ఇంకెవరికీ పనికిరాదు. సిమ్, మెమరీ కార్డు తీసేయండి. కంప్యూటర్లో ఫైళ్లను తుడిచేస్తే వాటి చిరునామా మాత్రమే పోతుంది, సమాచారం ఉంటుంది. తిరిగే రకం హార్డ్ డిస్కును తుడిచే సాఫ్ట్‌వేర్‌తో మొత్తం ఒకసారి తిరగరాస్తే మామూలు అవసరానికి చాలు. తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్కు ఎస్‌ఎస్‌డీకి ఆ పద్ధతి నమ్మదగింది కాదు, తయారీదారు ఇచ్చే సురక్షిత తుడుపు ఆదేశం వాడాలి.

గ్యాస్ సిలిండర్, స్ప్రే డబ్బాలు, మిగిలిపోయిన టపాసులు?

ఖాళీ అనిపించే సిలిండర్‌లోనూ వాయువు ఉంటుంది. అది ఇచ్చిన సంస్థకే తిరిగి ఇవ్వాలి, తుక్కులో వేస్తే కోసేవారి ప్రాణం మీదికి వస్తుంది. ఆక్సిజన్ సిలిండర్, మంటలార్పే సిలిండర్ కూడా అంతే. స్ప్రే డబ్బాలో సరుకు మిగిలి ఉంటే ప్రమాదకర చెత్త, పూర్తిగా ఖాళీ అయితే చాలా చోట్ల లోహపు చెత్త. గుచ్చి ఖాళీ చేయవద్దు. టపాసులను రాత్రంతా బకెట్ నీళ్లలో నానబెట్టాక, వాటిని ఎక్కడ ఇవ్వాలో అగ్నిమాపక కేంద్రాన్ని అడగండి. తూటాలు, పేలుడు పదార్థాల్లా కనబడేవి దొరికితే ముట్టుకోకుండా పోలీసులకు ఫోన్ చేయండి.

పాత సిమెంటు రేకులు తీసేయాలంటే?

అలలున్న పాత సిమెంటు రేకులు, పొగగొట్టాలు, కొన్ని పాత నేల పలకలు ఆస్బెస్టాస్ (రాతినార) కలిసినవి కావచ్చు. యూరోపియన్ యూనియన్‌లో 2005 నుంచి నిషేధం ఉంది, అంతకుముందు కట్టిన ఇళ్లలో ఇవి మామూలే. పగలగొట్టినా, కోసినా, రంధ్రం చేసినా కంటికి కనబడని నారపోగులు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జబ్బు 20 నుంచి 40 ఏళ్ల తర్వాత బయటపడుతుంది, కాబట్టి "అప్పుడేమీ కాలేదు కదా" అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు.

అనుమతి ఉన్నవాళ్ల చేత తీయించడమే సరి. ఇంటివాళ్లు కొద్ది సంఖ్యలో తీసి ఇవ్వడానికి ఒప్పుకునే చోట్ల కూడా కొన్ని షరతులు ఉంటాయి. రేకును సబ్బు నీళ్లతో తడిపి, బోల్టులు విప్పి, విరగకుండా ముక్కచెక్కలు కాకుండా దించాలి. 0.2 మి.మీ. మందం పాలిథిన్‌లో రెండు పొరలు చుట్టి, టేపు వేసి, పేరు రాయాలి. గుడ్డ మాస్కు ఈ పోగులను ఆపదు, ఎఫ్‌ఎఫ్‌పీ3 లేదా పీ100 రకం కావాలి. గొట్టాలకు చుట్టిన దూదిలాంటి పొర అయితే అసలు తాకవద్దు, రేకుకన్నా అది ఎన్నో రెట్లు సులువుగా పోగులు వదులుతుంది.

పరుపులు, సోఫాలు, బీరువాలు?

ఇవ్వదగ్గవి ముందుగా ఫొటో తీసి అడిగి ఇవ్వండి. దానం తీసుకునేవాళ్లు చిరిగిన, తడిసిన, వాసన కొట్టే మెత్తటి సామాను తీసుకోరు, అక్కడ వదిలేసి వస్తే పారేసే ఖర్చు వాళ్ల మీద పడుతుంది.

నల్లులున్న పరుపును మాత్రం ఎవరికీ ఇవ్వవద్దు. కుట్ల వెంట నల్లటి చుక్కలు, విడిచిన పొట్టు కనబడితే ఉన్నట్టే. గదిలోనే పాలిథిన్‌లో చుట్టి టేపు వేసి, "నల్లులు" అని పెద్దగా రాసి, తీసుకెళ్లే రోజునే బయట పెట్టండి. చుట్టకుండా మెట్ల మీదుగా మోస్తే దారి పొడవునా రాలతాయి. నల్లులు తిండి లేకుండా నెలల తరబడి బతకగలవు, ఖాళీ ఇల్లు కదా అని వదిలేయవద్దు.

చెక్క బీరువాలను విప్పి, మేకులు పీకి, అద్దాలు వేరు చేయండి. అద్దం ఉన్న తలుపును అలాగే పడేస్తే పగిలిన గాజు మొత్తం చెక్కను పనికిరాకుండా చేస్తుంది.

కాగితాలు, బట్టలు, గాజు, ప్లాస్టిక్?

సంతకం, ఖాతా నంబరు, గుర్తింపు నంబరు ఉన్న కాగితాలను సన్నగా అడ్డంగానూ నిలువుగానూ చించాలి. వాడని చెక్కులు, గడువు దాటిన కార్డులు కూడా అంతే, కార్డు చిప్పును మధ్యకు కత్తిరించండి. బిల్లుల నిగనిగలాడే థర్మల్ కాగితాన్ని కాగితం చెత్తలో కలపవద్దు, దాని పూత మిగతా గుజ్జును పాడుచేస్తుంది. పాత ఎక్స్‌రే ఫిల్ముల్లో వెండి ఉంటుంది, తీసుకునేవాళ్లు వేరే ఉంటారు. పేరున్న మూల కత్తిరించి ఇవ్వండి.

బట్టలు పొడిగా ఉండాలి. బూజు పట్టిన ఒక్క తడి తువ్వాలు సంచి మొత్తాన్ని పాడు చేస్తుంది. సీసా గాజు, కిటికీ గాజు, వేడికి ఆగే గిన్నెల గాజు వేర్వేరు వేడి దగ్గర కరుగుతాయి, కాబట్టి సీసాల పెట్టెలో సీసాలే వేయాలి. పింగాణీ ముక్కకు అక్కడ చోటు లేదు. ప్లాస్టిక్ అడుగున త్రికోణంలోని అంకె చూడండి. 1, 2, 5 ఎక్కువ చోట్ల తీసుకుంటారు, మిగతావి అడిగి ఇవ్వండి. తీసుకుంటారేమోలే అని ఆశతో వేసిన వస్తువు మంచి సరుకును కూడా మురికి చేస్తుంది.

ఎంత పెద్ద బండి కావాలి?

చోటు కన్నా బరువు ముందు చూడండి. 40×30×30 సెంటీమీటర్ల చిన్న పెట్టెలో పుస్తకాలు నింపితే సుమారు 25 కిలోలవుతుంది, ఒక మనిషి ఎత్తడానికి అదే హద్దు. ఇంకా పెద్ద పెట్టెలో నింపితే అడుగు ఊడిపోతుంది. ఇటుక, సిమెంటు ముక్కలు ఒక ఘనపు మీటరు 1.2 నుంచి 1.5 టన్నులు తూగుతాయి. టన్ను మోసే బండిలో వాటిని మోకాలి ఎత్తు వేసినా చాలు, చూడ్డానికి ఖాళీగా ఉన్నా బండి మోయగలిగినంత అయిపోయి ఉండవచ్చు. సిమెంటు సంచీలను సగానికే నింపండి.

జిప్సం బోర్డు ముక్కలను వేరే సంచిలో పెట్టండి. చెత్తదిబ్బలో తడి చెత్తతో కలిస్తే జిప్సం నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పుడుతుంది, అందుకే చాలా చోట్ల దాన్ని విడిగా అడుగుతారు.

ఎవరికో డబ్బిచ్చి అన్నీ తీసుకెళ్లమంటే నా బాధ్యత తీరినట్టేనా?

చాలా దేశాల్లో తీరదు. మీ చెత్త రోడ్డు పక్కన దొరికితే, అందులో మీ పేరున్న కవరు కనబడితే, మొదట వచ్చేది మీ దగ్గరికే. తీసుకెళ్లేవారి అనుమతి నంబరు అడిగి నమోదు జాబితాలో సరిచూడండి. ఎక్కడికి తీసుకెళతారో, ఏమేం తీసుకున్నారో, తేదీతో రసీదు రాయించుకోండి. బండి నంబరు కనబడేలా సామానుతో ఫొటో తీసుకోండి. అందరికన్నా బాగా తక్కువకు ఒప్పుకున్నారంటే, కేంద్రంలో కట్టాల్సిన రుసుము వాళ్ల లెక్కలో లేదన్నమాటే.

పెరట్లో తగలబెట్టడం, పాతిపెట్టడం?

పీవీసీ గొట్టాలు, వైర్లు తక్కువ వేడిలో కాలితే డయాక్సిన్లనే విషపదార్థాలు, హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి వస్తాయి. పాత పాకల, కంచెల చెక్కకు చెద పట్టకుండా ఆర్సెనిక్ కలిసిన మందు ఎక్కించి ఉండవచ్చు. చెక్క కాలిపోయినా ఆర్సెనిక్ చాలావరకు బూడిదలోనే ఉంటుంది, ఆ బూడిద మొక్కలకు వేస్తే నేలలోకి పోతుంది. పాతిపెడితే ఆ ఇంట్లోకి తర్వాత వచ్చేవాళ్ల గునపానికి తగులుతుంది.

చనిపోయినవారి ఇల్లు ఖాళీ చేస్తున్నాం. అదనంగా ఏం చూడాలి?

ఆస్తి పంపకం తేలేదాకా కాగితాలేవీ పారేయవద్దు, పనికిరానివిగా కనబడ్డ పాత రసీదులు కూడా. ప్రతి కోటు జేబూ, ప్రతి పుస్తకమూ తిరగేశాకే సంచిలో వేయండి. ఇన్సులిన్ సూదులు పక్క బల్ల సొరుగులో, దిండు కింద, చేతి సంచిలో విడివిడిగా దొరుకుతాయి, చూడకుండా చేయి పెట్టవద్దు. వినికిడి యంత్రాలు ఇంకొకరికి పనికొస్తాయి, వాటి బొత్తాం బ్యాటరీలు తీసి ఇవ్వండి. పొగ పసిగట్టే పాత పరికరం కప్పు నుంచి తీస్తే దాని వెనక చీటీ చూడండి. అయనీకరణ రకమైతే లోపల అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం అతి కొద్దిగా ఉంటుంది. విప్పనంతవరకు హాని లేదు, తయారీదారుకో ఎలక్ట్రానిక్ చెత్త కేంద్రానికో మొత్తంగా ఇవ్వాలి.

చివరి రోజుకు ఏం మిగలాలి?

తడి చెత్త, ఊడ్చిన దుమ్ము, చీపురు. మిగిలిన వంట నూనె చల్లారాక పాత సీసాలో పోసి మూత పెట్టండి, సింకులో పోస్తే గొట్టంలో గడ్డకట్టి కింది ఇంటివాళ్ల నీళ్లు ఎగదన్నుతాయి. తాళం వేసే ముందు అటక, మీటరు పెట్టె అర, నీళ్ల ట్యాంకు పక్క, బాత్‌రూం అద్దం వెనక అలమర ఒకసారి టార్చితో చూడండి. ఏదైనా సీసా కనబడితే ఖాళీ ఇంట్లో వదిలేయకుండా, విడిగా ఒక బకెట్లో నిలబెట్టి మీతోపాటే తీసుకెళ్లి, కేంద్రం తెరిచే రోజున ఇవ్వండి.